పొగబండి వెళ్లిపోయాక: దోమల నివారణ అధికారులకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్

నగరంలో దోమల నివారణ, నాలాల నిర్వహణ, ప్రజారోగ్యం బాధ్యతలు చూస్తున్న అధికారులందరికీ నమస్కారాలు.

విషయం: ఫాగింగ్ చేసి ఫిర్యాదులను మూసివేసే పద్ధతి మాని, దోమలు పుట్టే నీటి దగ్గర వారం వారం పని చేయించవలసిందిగా వినతి.

అయ్యా, అమ్మా,

నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. మా ఇల్లు ఒక నాలాకు మూడో వీధిలో ఉంది. పోయిన అక్టోబరు నుంచి ఈ మార్చి దాకా దోమల గురించి నాలుగుసార్లు ఫిర్యాదు చేశాను. రెండుసార్లు ఫోన్ యాప్‌లో పెట్టాను, ఒకసారి కాగితం మీద రాసి ఇచ్చాను, ఒకసారి స్వయంగా వచ్చి నిలబడి చెప్పాను. నాలుగింటికీ జరిగింది ఒకటే. సాయంత్రం ఏడింటికి పొగబండి వచ్చింది, పొగ ముందు నిలబడి సిబ్బంది ఫోటో దిగారు, మర్నాడు ఉదయం ‘సమస్య పరిష్కరించబడినది’ అని నా ఫోన్‌కు సందేశం వచ్చింది. నాలుగో సందేశం చదువుతున్నప్పుడు నా మడమ మీద డెంగీ తెచ్చే ఈడిస్ దోమ ఒకటి కూర్చుని ఉంది. దాన్ని కొట్టాక గానీ చదవడం పూర్తి చేయలేదు.

ఏ కార్యాలయం, ఏ వార్డు అన్నది ఇక్కడ రాయడం లేదు. పొరుగు కాలనీల వాళ్లను అడిగితే వాళ్ల ఫోన్లలోనూ ఇవే సందేశాలున్నాయి కనుక ఒకరిద్దరు ఉద్యోగుల మీద నింద వేసి ప్రయోజనం లేదు. మీ సిబ్బంది పని చేయడం లేదని నేను అనను. చేసిన పనంతా గాలిలో కలిసిపోతోందన్నదే నా బాధ. అది ఎందుకు కలిసిపోతోందో, ఎక్కడ చేస్తే నిలుస్తుందో ఈ లేఖలో వివరంగా చెప్పదలచుకున్నాను.

ఈ ఊళ్లో దోమ గురించి రాస్తూ రోనాల్డ్ రాస్‌ను తలవకుండా ఉండలేం. 1897 ఆగస్టు 20న, మలేరియా రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమను సికింద్రాబాద్‌లో కోసి చూసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని ఆయన గుర్తించారు. ఆ తేదీనే ప్రపంచ దోమల దినం అంటున్నాం. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన సంగతీ మన పిల్లలు చదువుకుంటారు. ఆ తరువాత ఆయన ఏం చేశారన్నది మాత్రం పాఠంలో ఉండదు. పడమటి ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌కు వెళ్లి, కూలీలను పెట్టి, వీధుల్లో గుంతలు పూడ్పించారు, పాత డబ్బాలు, పగిలిన పాత్రలు ఏరించారు, నీళ్లు నిలిచిన చోట నూనె వేయించారు. దోమ గుట్టు విప్పిన మనిషే దాన్ని ఎదుర్కోవడానికి నీటి దగ్గరికి వెళ్లారు. నూట పాతికేళ్లు దాటాక, ఆయన పరిశోధన చేసిన ఊరే గాలిలో దోమను తరుముతోంది.

మన ఊళ్లో జనాన్ని పీడించే దోమలు ముఖ్యంగా మూడు రకాలు. వాటి నీరూ వేరు, వేళా వేరు. రాత్రి చెవి దగ్గర రొద పెట్టేది క్యూలెక్స్. మురుగునీరే దానికి పుట్టిల్లు. నీటి మీద తెప్పలాగా ఒక్కసారే వంద నుంచి రెండు వందల పైచిలుకు గుడ్లు పెడుతుంది, కిలోమీటరు దూరమైనా ఎగిరిపోతుంది. నాలా ఒక చోట ఆగితే నాలుగు కాలనీలు నిద్ర మానుకోవడానికి కారణం ఇదే. ఒంటి మీదా కాళ్ల మీదా తెల్ల చారలుండే ఈడిస్ పగటి దోమ. ఎండెక్కే పూటా, పొద్దు వాలే పూటా ఎక్కువగా కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఇదే. దీనికి మురుగు గిట్టదు. కూలర్, డ్రమ్ము, పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, అంటే మనం శుభ్రమనుకునే నీరే దీనికి కావాలి. మామూలుగా వంద, రెండు వందల మీటర్లకు మించి ఎగరదు కనుక, నన్ను కుట్టిన ఈడిస్ మా ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టినదే అయి ఉంటుంది. మూడోది అనాఫిలిస్ స్టెఫెన్సీ. మూత లేని ఓవర్‌హెడ్ ట్యాంకులు, వాడకం లేని బావులు దీని నెలవు, నగరాల్లో మలేరియాకు ఇదే మూలం. మూడింటిలోనూ రక్తం తాగేది ఆడదే. గుడ్లకు రక్తం కావాలి గనుక తాగుతుంది. మగది పూల తేనె మీద బతికేస్తుంది.

ఇక పొగ సంగతి. డీజిల్‌లో కొద్దిగా పురుగుమందు కలిపి వేడి చేసి వదిలే ఆ పొగ, ఆ క్షణాన ఆ వీధి గాలిలో ఎగురుతున్న దోమకు తగిలితేనే పని చేస్తుంది. ఏడింటికి వీధిలో ఉన్న క్యూలెక్స్‌లు కొన్ని చస్తాయి, కాదనను. ఆ వేళకు ఈడిస్ ఇంట్లో మంచం కిందనో, తలుపు వెనక కొక్కేనికి తగిలించిన చీరల మడతల్లోనో విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. పైగా పొగబండి మోత వినగానే ఇంటింటా తలుపులు, కిటికీలు మూసుకుంటాం. అంటే పొగ నుంచి దోమను మనమే కాపాడుతున్నాం. వ్యాధి ప్రబలినప్పుడు వైరస్ మోస్తున్న పెద్ద దోమలను త్వరగా తగ్గించడానికి ఫాగింగ్ ఒక అత్యవసర సాధనం. ఏడాది పొడవునా అదే మందు, అదే వైద్యం అనుకోవడం దాన్ని కనిపెట్టిన వాళ్ల ఉద్దేశం కాదు.

నా మాట కోసం నమ్మనక్కర లేదు, ఒక సీసా చాలు. నవంబరులో నీళ్లు తీసేసి, ఆరబెట్టి, బాల్కనీలో మూలకు నెట్టిన మా కూలర్‌ను ఫిబ్రవరి చివరి ఆదివారం ముందుకు లాగి నీళ్లు పోశాం. మంగళవారం పొద్దున ట్రేలోకి టార్చి వేసి చూస్తే వెంట్రుక ముక్కల్లాంటి దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. ఈడిస్ దోమ కొత్తగా వచ్చి గుడ్లు పెట్టి, అవి పిల్లలు కావడానికి రెండు రోజులు చాలవు. ఈడిస్ తన గుడ్లను నీటిలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన, తడిసిన గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి ప్రాణంతో ఉంటాయి, మళ్లీ నీరు తగలగానే పగులుతాయి. ‘నీళ్లు పారబోయండి’ అని మైకులో చెప్పే మాట సగం మాట మాత్రమే అని ఇందుకే అంటున్నాను. పారబోసి, కొబ్బరి పీచుతో లోపలి గోడ రుద్దమని చెప్పాలి.

ఆ నీటిని ఒక జాడీలోకి తీసి, పల్చని గుడ్డ కట్టి, వీధి వైపు కిటికీ గట్టు మీద పెట్టాను. ఆరో రోజుకు పిల్లలు కామా గుర్తులా వంకర తిరిగిన ప్యూపాలు, అంటే రెక్కలు రాకముందు దశ, కావడం మొదలుపెట్టాయి. తొమ్మిదో రోజు పొద్దున ఒక ప్యూపా వీపు చీలింది. అందులోంచి దోమ మెల్లగా పైకి లేచి, విడిచిన పొట్టు మీదే పడవ మీద నిలబడినట్టు నిలబడి, రెక్కలు ఆరేదాకా కదలకుండా ఉంది. కాళ్ల మీద తెల్ల చారలు కళ్లద్దాలు లేకుండానే కనిపించాయి. ఈ తొమ్మిది రోజుల్లో పొగబండి మా వీధిలోకి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఆ కిటికీ పొగతో నిండింది. జాడీలో ఒక్క పిల్ల చావలేదు.

మన ఎండకు గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా పట్టేది వారం నుంచి పది రోజులు. చలికాలం కూడా పెద్దగా లేని ఊరు మనది, దోమకు సెలవు నెల అంటూ దాదాపు లేదు. మే నెల ఎండకు బయటి దోమ చచ్చిపోయినా, కూలర్ పెట్టుకున్న గదిలోది హాయిగా ఉంటుంది. కాబట్టి వారానికి ఒకసారి ప్రతి నీటి పాత్రనూ చూడగలిగితే గొలుసు తెగుతుంది, పదిహేను రోజులకొకసారి చూస్తే ఒక తరం మన చేయి దాటిపోతుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. దోమకు శత్రువులు లేక కాదు. చిన్న చేపలు, తూనీగ పిల్లలు, నీటి పురుగులు దాని పిల్లలను తింటూనే ఉంటాయి. తూనీగ పిల్ల నీటి అడుగున కదలకుండా కూర్చుని, మడిచి పెట్టుకున్న కింది పెదవిని చేయిలా ముందుకు విసిరి, దోమ పిల్లను పట్టుకోవడం చూస్తే కన్ను ఆర్పబుద్ధి కాదు. ఒకప్పుడు విద్యార్థులను తీసుకెళ్లిన కుంట నుంచే, ఊరి బయట, రెండు తూనీగ పిల్లలను తెచ్చాను. ఒకదాన్ని కుంట నీటి సీసాలో, ఒకదాన్ని మా నాలా నీటి సీసాలో వేసి, రెంటిలోనూ ఇరవై ఇరవై క్యూలెక్స్ పిల్లలను వదిలాను. తెల్లవారేసరికి కుంట నీటిలో మూడు పిల్లలు మిగిలాయి. నాలా నీటిలో ఇరవైకి ఇరవై ఉన్నాయి, తూనీగ పిల్ల వెల్లకిలా తేలుతోంది.

కారణం విచిత్రమైనదేమీ కాదు. చేపా, తూనీగ పిల్లా నీటిలో కరిగిన ప్రాణవాయువుతో బతకాలి. మురుగులో అది ఉండదు. క్యూలెక్స్ పిల్ల మాత్రం తోక చివరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి బయటి గాలి పీల్చుకుంటుంది, మురుగు దానికి అడ్డం కాదు సరికదా, అందులోని కుళ్లే దానికి తిండి. నాలాలోకి, మూసీలోకి, చెరువుల్లోకి శుద్ధి చేయని మురుగు వదిలినప్పుడల్లా మనం దోమ శత్రువులందరినీ చంపి, దోమకు కంచం పెట్టి కూర్చోబెడుతున్నాం. ఆపైన చెరువంతా గుర్రపుడెక్క పరుచుకుంటే, మిగిలిన ఒకటీ అరా చేప కూడా దాని కింది పిల్లలను చేరలేదు. మాన్సోనియా అనే ఇంకో రకం దోమ పిల్లలైతే ఆ మొక్కల వేళ్లకే గుచ్చుకుని గాలి పీల్చుకుంటాయి.

సహజ నివారణ అనగానే నిమ్మగడ్డి కుండీలు, ఫోన్‌లో శబ్దం చేసే యాప్‌లు గుర్తొస్తాయి చాలామందికి. నిమ్మగడ్డి నూనె ఒంటికి రాసుకుంటే కాసేపు పని చేస్తుంది, మొక్క గుమ్మం దగ్గర ఊరికే ఉంటే దోమ దాని ఆకు మీదే కూర్చుంటుంది. ఆ శబ్దాల యాప్‌లకు దోమ లక్ష్యపెట్టదు. నేను అడుగుతున్నది వీటిని కాదు.

ఈ పరిస్థితి వల్ల మామూలు జనం ఏం పడుతున్నారో వరుసగా రాస్తున్నాను.

1. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాలాలో ప్రవాహం సన్నగిల్లి, మురుగు మడుగులు కట్టి, క్యూలెక్స్ విజృంభిస్తుంది. మన పిల్లలకు ఇంటర్, పదో తరగతి పరీక్షలు సరిగ్గా అప్పుడే. సాయంత్రం ఆరింటికి కిటికీలు బిగించుకుని, ఉక్కలో, కాయిల్ పొగలో కూర్చుని చదువుతున్నారు. మా వీధిలో ఒక అబ్బాయి దోమతెరలోకి ల్యాంపు పెట్టుకుని చదివేవాడు, పక్కన దోమల బ్యాటు.

2. మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న కుటుంబంలో భర్తకు అక్టోబరులో డెంగీ వచ్చింది. మొదటి మూడు రోజులు మామూలు జ్వరమే అనుకుని పని చేశాడు. నాలుగో రోజు లేవలేదు. ప్రైవేటు ఆసుపత్రిలో ఐదు రోజులు, పూటపూటకూ ప్లేట్‌లెట్ల పరీక్ష, ఇంటికి వచ్చాక రెండు వారాల నీరసం. ఆ మూడు వారాలు ఇస్త్రీపెట్టె చల్లగానే ఉంది, భార్య మెడలోని గొలుసు కుదువకు వెళ్లింది, ఇంకా వెనక్కి రాలేదు. ‘ఒకసారి వచ్చిపోయింది కదా, ఇంక భయం లేదు’ అని ఆమె అంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చిపోయాక ఇంకోటి సోకితే రెండోసారే ప్రమాదం ఎక్కువ. ఆ బండికి ఎదురుగా ఉన్న టైర్ల దుకాణం ముందు టైర్లు ఇప్పటికీ ఆకాశం కిందే ఉన్నాయి.

3. ఒకే గది ఉన్న ఇళ్లలో రాత్రంతా కాయిల్ వెలుగుతుంది. పసిపిల్లలు, ఆయాసం ఉన్న ముసలివాళ్లు ఆ పొగలోనే పడుకుంటారు. నా ఇంటి ఖర్చే చూసుకుంటే లిక్విడ్ రీఫిళ్లు, కాయిళ్లు, పిల్లల ఒంటికి రాసే క్రీము కలిపి నెలకు ఆరేడు వందలు అవుతోంది. పెన్షన్ ఉన్న నాకే అది బరువు, కూలీ ఇంటికి ఒక రోజు సంపాదన.

4. నగరంలో చాలా బస్తీలకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. డ్రమ్ములు, బిందెలు, సంపులు నింపుకోక తప్పదు. నీళ్లు నిల్వ పెట్టుకున్నందుకు వాళ్లనే తప్పుపట్టి, డ్రమ్ము ఒలకబోసి వెళ్లిపోవడం న్యాయం కాదు. ఆ డ్రమ్ము నీళ్లు రెండు రోజుల స్నానం, వంట.

5. ఒకే మందును ఏళ్ల తరబడి చల్లితే చావగా మిగిలినవి ఆ మందుకు అలవాటు పడిన దోమలే, వాటి సంతానమే రేపటి దోమ. దోమతో పాటు తూనీగలు కూడా ఆ పొగకు చస్తాయన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

6. పొగ యంత్రం భుజాన మోసే కుర్రాడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని వస్తున్నాడు. మేము తలుపులు వేసుకుంటాం, అతను ఎక్కడికి పోతాడు?

పై కారణాల వల్ల మేము కోరుతున్నవి ఇవి.

1. పొగ పెట్టిన ఫోటోతో ఏ ఫిర్యాదునూ మూసివేయకూడదు. ఫిర్యాదు వచ్చిన ఇంటి చుట్టూ వంద మీటర్ల లోపు నీటి నిల్వలు చూసి, దోమ పిల్లలు ఎక్కడ దొరికాయి, ఏం చేశారు అన్నది రాసి, ఫిర్యాదుదారు సంతకం తీసుకున్నాకే మూయాలి. నీళ్లు ముంచి చూసే గరిటెలో దోమ పిల్లలు కనిపించిన ఫోటో మాకు పొగ ఫోటో కంటే నమ్మకమైనది.

2. ప్రతి వార్డులో వారంలో ఒకే రోజున ఇళ్ల తనిఖీ జరగాలి. శుక్రవారం డ్రై డే, అంటే నీటి పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, అనే మాట జనానికి ఇప్పటికే తెలుసు, దాన్నే నిలబెట్టండి. వంద ఇళ్లు చూస్తే దోమ పిల్లలున్న పాత్రలు ఎన్ని దొరికాయో చెప్పే లెక్కను బ్రెటో సూచిక అంటారని మీ కీటక శాస్త్ర సిబ్బందికి నేను చెప్పనక్కర లేదు. ఆ అంకెను వార్డుల వారీగా ప్రతి సోమవారం ప్రజలకు తెలిసేలా పెట్టండి. అంకె పెరిగితే మేమే పక్కింటి తలుపు కొడతాం.

3. నాలాల పూడికతీత వానాకాలం ముందు ఒకసారి జరిగితే వరదకు సరిపోతుందేమో, దోమకు సరిపోదు. జనవరిలో, ప్రవాహం సన్నగిల్లక ముందే ఇంకోసారి తీయించాలి. తీసిన పూడికను గట్టు మీద పోసి వెళ్లిపోతే మొదటి వానకే అది నాలాలోకి జారిపోతోంది. మా దగ్గర వరుసగా రెండేళ్లు అదే జరిగింది. ఎత్తిన పూడిక మూడు రోజుల్లో అక్కడి నుంచి తరలాలి. చెరువుల్లో గుర్రపుడెక్క తీసినా అంతే.

4. ఏ నీటికి ఏ మందు అన్నది చూసి వాడాలి. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్, అందరూ బీటీఐ అనే బాక్టీరియా, 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో దొరికింది. దోమ పిల్ల దాన్ని మింగితే పేగు చిల్లులు పడి ఒకటి రెండు రోజుల్లో చస్తుంది, చేపకూ మనిషికీ ఏమీ కాదు. పుదుచ్చేరిలోని వెక్టార్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ సొంతంగా ఒక బీటీఐ రకాన్ని అభివృద్ధి చేసింది, పైదేశం వైపు చూడనక్కర లేదు. అయితే చిక్కటి మురుగులో బీటీఐ త్వరగా అడుగుకు దిగిపోతుంది. అక్కడ బాసిల్లస్ స్ఫేరికస్ అనే ఇంకో బాక్టీరియా ఎక్కువ రోజులు పని చేస్తుంది. రెండూ నిల్వ ఉంచుకుని, ఎక్కడ ఏది చల్లారో నమోదు చేయండి. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో ముంచిన బంతులు నాలాలో వేయడం మాత్రం దయచేసి ఆపండి. దోమ పిల్లకు ఊపిరి ఆగే మాట నిజమే, ఆ నూనె చివరికి మూసీలోకే చేరుతుంది.

5. వాడకం లేని బావులు, ఫౌంటెన్లు, పశువుల తొట్లు, అపార్ట్‌మెంట్ల నీటి కుండాలు, ఇలాంటి బయటికి పారని నీళ్లలో గప్పీ చేపలు వదలండి. గప్పీ కాస్త మురికిని కూడా తట్టుకుంటుంది, రోజుకు వంద దాకా దోమ పిల్లలను తింటుంది. వాటిని పెంచే తొట్టి వార్డుకొకటి ఉంటే చాలు, అడిగిన ఇంటికల్లా ఇవ్వవచ్చు. గంబూషియాను మాత్రం చెరువుల్లో వదలవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. 1928లో మన దేశానికి తెచ్చిన ఆ చేప దోమ పిల్లలతో ఆగదు, దేశీ చేపల గుడ్లనూ, కప్ప పిల్లలనూ కూడా తింటుంది. దోమను తినేవాళ్లను తినే చేపను తెచ్చి చెరువులో వదిలితే మనం సాధించేది ఏముంది? చెరువుకు కావలసింది చేపల సంచి కంటే ముందు మురుగు రాకుండా ఆపడం. అది ఆగిన చోట దేశీ చేపలు, తూనీగలు మనం పిలవకుండానే వస్తాయి.

6. కట్టడాల దగ్గర ప్రత్యేక తనిఖీ కావాలి. స్లాబు వేశాక సిమెంటుతో మడులు కట్టి వారం, పది రోజులు నీళ్లు నిలబెడతారు. దోమ ఎదగడానికి పట్టే రోజులు కూడా అవే. ఆపేసిన సెల్లార్ గోతులు, లిఫ్టు గుంటలు నెలల తరబడి నిండి ఉంటాయి. మడి నీళ్లను ఐదో రోజున మార్చాలని, గోతిలో నీళ్లు తోడించాలని అనుమతి పత్రంలోనే షరతు పెట్టండి. జరిమానా వేయవలసి వస్తే మొదట అక్కడ వేయండి, డ్రమ్ము ముందు నిలబడిన ఇల్లాలికి కాదు.

7. బస్తీల్లో డ్రమ్ములకు బిగుతైన మూతలు, లేకపోతే అంచుకు రబ్బరు కుట్టిన గుడ్డ మూతలు ఇవ్వండి. మహిళా సంఘాలకు అప్పగిస్తే వారంలో కుట్టి ఇస్తారు. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపులకు జాలీ కట్టించండి.

8. తనిఖీ సిబ్బందికి టార్చి, గరిటె, నిచ్చెన, బూట్లు ఇవ్వండి. పొగ కొట్టక తప్పని రోజున సరైన మాస్కు ఇవ్వండి. నిచ్చెన లేక మా ఇంటి ట్యాంకు చూడకుండా వెళ్లిపోయిన అబ్బాయిని నేను కళ్లారా చూశాను, అతని తప్పు ఏమీ లేదు.

దోమ ఒంట్లో డెంగీ వైరస్‌ను పెరగనివ్వని వోల్బాకియా అనే బాక్టీరియాను ఈడిస్‌లోకి ఎక్కించి వదిలే పద్ధతి ఇండోనేసియాలోని యోగ్యకర్తలో డెంగీని 77 శాతం తగ్గించిందని 2021లో ఫలితాలు వచ్చాయి, 2022లో పుదుచ్చేరి శాస్త్రవేత్తలు కూడా అలాంటి దోమలను తయారు చేశారు. అది మన ఊరికి వచ్చే రోజున సంతోషంగా ఆహ్వానిస్తాం. అప్పటిదాకా నాలా దగ్గర పని ఆపడానికి అది సాకు కాకూడదు, ఎందుకంటే ఆ పద్ధతి ఈడిస్ కోసమే, క్యూలెక్స్ కోసం కాదు.

ఈ లేఖలోని ఏ అంశం మీదనైనా మీ కీటక శాస్త్ర విభాగం వారు నన్ను సరిదిద్దితే సంతోషంగా స్వీకరిస్తాను. ‘పరిష్కరించబడినది’ అన్న సందేశం మాత్రం జవాబుగా తీసుకోలేను. పై ఎనిమిదింటిలో ఏది చేయగలరు, ఏది చేయలేరు, ఎప్పటిలోగా అన్నది నెల రోజుల్లో రాతపూర్వకంగా తెలపవలసిందిగా కోరుతున్నాను.

మా రెండు వీధుల్లో నలభై రెండు ఇళ్లున్నాయి. వాటి డ్రమ్ములు, సంపులు, కూలర్లు, కుండీలు, మేడ మీది ట్యాంకుల జాబితా నేనూ, మరో ముగ్గురు గృహిణులూ కలిసి ఇంటింటికీ తిరిగి సిద్ధం చేశాం. మేడ ఎక్కడానికి ఇంటివాళ్లందరూ ఒప్పుకున్నారు, ఇస్త్రీ బండి ఆయన తన ఇంటి నిచ్చెన ఇస్తానన్నాడు. వచ్చే శుక్రవారం ఉదయం ఏడింటికి ఆ బండి దగ్గర ఉంటాం. మీ సిబ్బందిలో ఇద్దరిని, ఒక గరిటెను, ఒక టార్చిని పంపండి.

ఇట్లు,
నాలాకు మూడో వీధి నివాసి,
విశ్రాంత జువాలజీ లెక్చరర్